లోపల కురిసే వాన
వేలు పోసి కొన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ అండమాన్ కొండల మీద ఎందుకు తడిసిపోతుంది? తప్పు బట్టది కాదు, గాలిది

మే మూడో వారం దాటిందంటే డాలీగంజ్‌లో గొడుగు లేకుండా గడప దాటేవారు అరుదు. నైరుతి రుతుపవనాలు దేశంలో ముందుగా పలకరించేది ఈ దీవులనే. అవి వెనుదిరిగాయని ఊపిరి పీల్చుకునేలోగా ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, అంటే హైదరాబాద్‌లో పడేదానికి దాదాపు నాలుగు రెట్లు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, విమానాశ్రయానికి చేరువలో ఉన్న ఈ పేటలో వాన వార్త కాదు, వాతావరణంలో ఒక భాగం.

ఆ వానలోనే కొండలెక్కాలనుకునేవారికి అసలు చిక్కు. చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగితే మౌంట్ హారియట్ దారి వస్తుంది. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనుక కనిపించే సముద్ర దృశ్యం ఇక్కడి నుంచి చూసిందే. ఇంకా ఓపిక ఉంటే చిడియా టాపు దగ్గరి ముండా పహాడ్; మరీ పట్టుదల ఉంటే ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర 730 మీటర్లకు పైగా ఎత్తున్న శాడిల్ పీక్. ఈ దారులకు బయలుదేరేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే చుట్టాలు, స్నేహితులు సరేసరి. వాళ్ల బ్యాగుల్లో ఈ మధ్య తప్పనిసరిగా కనిపిస్తున్నది మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయే తేలికపాటి వాటర్‌ప్రూఫ్ జాకెట్.

కొండ సగం ఎక్కేసరికి దాని లోపల చొక్కా పిండితే నీళ్లు కారుతుంది. జాకెట్ కారిందనుకుని కొన్నవాళ్లు దుకాణదారుని తిట్టుకుంటారు. చాలాసార్లు అది వాన నీరు కాదు, చెమట.

ఈ తంటా కొత్తది కాదు. 1823లో చార్లెస్ మాకింతోష్ రెండు బట్టల మధ్య రబ్బరు పూసి పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ ఉన్నదే. ఆ కోట్లు వానను ఆపాయిగానీ ఎండకు జిగురుగా, చలికి చెక్కలా మారేవి. ఒంటి మీది తేమకు దారి ఇచ్చేవి కావు. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా సాగదీసి కనిపెట్టిన పొర దీనికి విరుగుడుగా వచ్చింది. దాని రంధ్రాలు నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి దాటిపోయేంత పెద్దవి. గోర్-టెక్స్ పేరుతో 1970ల్లో బజారుకొచ్చిన ఈ సూత్రమే నేటి ‘గాలాడే’ జాకెట్లకు మూలం.

కానీ ఆవిరి ఊరికే బయటికి పోదు. లోపల దాని ఒత్తిడి ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. 35 డిగ్రీల వెచ్చదనంతో తడిసిన చర్మం దగ్గర ఆవిరి ఒత్తిడి సుమారు 56 హెక్టోపాస్కల్స్. హిమాలయాల్లో 5 డిగ్రీల చలివానలో బయట ఉండేది 9కి లోపే. తేడా 47. అండమాన్‌లో 27 డిగ్రీల దగ్గర, 90 శాతం తేమతో బయటి ఒత్తిడే 32. తేడా 24 మాత్రమే. అదే జాకెట్, అదే మనిషి, తేమను బయటికి నెట్టే బలం మాత్రం సగం.

లేబుల్ మీది అంకెల్ని ఈ లెక్కతో కలిపి చదవాలి. 10,000 మి.మీ. అంటే బట్ట పది మీటర్ల నీటి స్తంభపు ఒత్తిడిని తట్టుకుంటుందని. పడే చినుకుకు అంత బలం ఉండదుగానీ బ్యాగు పట్టీలు భుజాన్ని నొక్కేచోట, తడి బండ మీద కూర్చున్నచోట అది అక్కరకొస్తుంది. రెండో అంకె 10,000 గ్రాములైతే, ఒక చదరపు మీటరు బట్ట నుంచి 24 గంటల్లో అంత ఆవిరి బయటికి పోతుందని అర్థం. జాకెట్‌లో ఒకటిన్నర చదరపు మీటర్ల బట్ట ఉందనుకుంటే గంటకు 625 గ్రాములు. అదీ ప్రయోగశాలలో, అనువైన పరిస్థితుల్లో. ఎక్కుడు దారిలో మనిషికి గంటకు లీటరు దాకా చెమట పట్టవచ్చు. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో పరీక్షిస్తుంది కాబట్టి రెండు బ్రాండ్ల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా.

అందుకే ఇక్కడ ఖరీదైన పొర కన్నా చంకల కింద జిప్పు ముఖ్యం. అది తెరిస్తే గాలి నేరుగా ఆడుతుంది, ఏ పొరా చేయలేని పని చేస్తుంది. రెండు వైపుల నుంచీ తెరుచుకునే ముందు జిప్పు, వదులుగా ఉండే ముంజేతులు, టోపీకి ముందుకు పొడుచుకొచ్చిన అంచు కూడా అంతే అవసరం. జిప్పులు ప్లాస్టిక్‌వై ఉంటే మేలు, ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది. లోపలివైపు కుట్లన్నిటి మీదా టేపు అతికించి ఉందో లేదో తిరగేసి చూడాలి. సూది గుచ్చిన ప్రతిచోటా ఒక రంధ్రమే కదా.

తేలిక అన్న మాటకూ హద్దుంది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పది డెనియర్ల బట్ట చేతిలో పొగలా ఉంటుందిగానీ అండమాన్ అడవిలో పేము ముళ్లకు ఒక్కసారి తగులుకుంటే చాలు. ముప్పై, నలభై డెనియర్ల బట్ట కొన్ని గ్రాములు ఎక్కువ తూగినా నాలుగు కాలాలు మన్నుతుంది.

కొన్న తర్వాతి కథ ఎవరూ చెప్పరు. చవక జాకెట్లలో లోపల పూసే పాలీయురేథేన్ వేడికి, తేమకు మెల్లగా విరిగిపోతుంది. తడిగా మడిచి బీరువాలో పెడితే మరుసటి సీజనుకు జిగురు జిగురుగా, పొట్టు రాలుతూ బయటపడుతుంది. నీడన పూర్తిగా ఆరబెట్టి, మడవకుండా వేలాడదీస్తే మరికొన్నేళ్లు వస్తుంది. పైపూత సంగతి వేరు. చినుకు ముత్యంలా జారిపోవడానికి వాడే ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో ఎంతకీ నశించవు. చాలా రకాల దుస్తుల్లో వాటిని కాలిఫోర్నియా 2025 నుంచి నిషేధించింది. వాటికి బదులొచ్చిన పూతలు నూనె, చెమట మరకలకు త్వరగా లొంగుతాయి. కాబట్టి ఉతకకూడదన్న పాత నమ్మకాన్ని వదిలి, సాఫ్ట్‌నర్ వేయకుండా తరచూ ఉతుక్కోవాలి.

మౌంట్ హారియట్ మీద తడిస్తే మహా అయితే చిరాకు, జలుబు. కానీ ఇదే జాకెట్ నమ్ముకుని హిమాలయాలకు వెళితే లెక్క మారుతుంది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుపానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో 9 మంది మరణించారు. అక్కడ చంక జిప్పుల కన్నా పూర్తి మూడు పొరల బట్ట, గాలిని ఆపే టోపీ, లోపల వెచ్చని ఉన్ని ముఖ్యం. రెండు చోట్లకూ ఒకే జాకెట్ అని అమ్మేవాళ్లను నమ్మనక్కర్లేదు. దీవుల్లో చౌక రకం, త్వరగా ఆరే సింథటిక్ బనీను, తిరుగు ప్రయాణానికి ప్లాస్టిక్ కవర్లో ఒక పొడి చొక్కా చాలు. జంగ్లీఘాట్ జాలర్లు పడవల మీద వేసుకునే మందపాటి ప్లాస్టిక్ కోటు మాత్రం కొండకు పనికిరాదు. కదలకుండా వల పట్టుకునే వాడికి అది కవచం, ఎక్కేవాడికి ఆవిరి స్నానం.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారు వాపసు గడువు ముగియకముందే ఒక పని చేయవచ్చు. జేబుల్లో, మెడ దగ్గర, భుజాల కింద పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, జాకెట్ వేసుకుని పది నిమిషాలు కదలకుండా షవర్ కింద నిలబడాలి. తడిసిన ముక్క ఎక్కడుందో అక్కడే లోపం.