నాన్న చూడని కప్పు

2025 మార్చి 16, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. మొదటి సగం ముగియడానికి ఇంకా క్షణాలే ఉన్నాయి. కార్నర్ నుంచి న్యూకాసిల్ ఆటగాడు ట్రిప్పియర్ కొట్టిన బంతి గోల్‌పోస్టుకు బాగా దూరంగా వచ్చింది. అక్కడ ఆరడుగుల ఏడంగుళాల డాన్ బర్న్ ఉన్నాడు. అంత దూరం నుంచి తలతో కొట్టిన బంతి గోల్‌లో పడటం అరుదు. ఇది పడింది. రెండో సగం మొదట్లోనే ఇసాక్ రెండో గోల్ చేశాడు. ఆఖరి నిమిషాల్లో లివర్‌పూల్ ఒకటి తిరిగి కొట్టి గుండెలు గుప్పిట్లో పెట్టించినా, చివరికి 2-1తో లీగ్ కప్పు న్యూకాసిల్ యునైటెడ్ చేతికొచ్చింది.

గెలిచినవాళ్లు నవ్వాలి, ఓడినవాళ్లు ఏడవాలి. ఆ సాయంత్రం వెంబ్లీలో లెక్క తిరగబడింది. నలుపు తెలుపు చారల చొక్కాలు వేసుకున్న ముప్పై వేల పైచిలుకు జనంలోకి కెమెరా ఎటు తిప్పినా ఎవరో ఒకరు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. అరవై దాటిన మగవాళ్లు పక్కవాడి భుజం మీద తల పెట్టి ఏడ్చారు. తర్వాత టీవీ మైకు ముందుకొచ్చినవాళ్లలో చాలామంది బర్న్ గోల్ గురించి రెండు మాటలు చెప్పి, మూడో మాటకే నాన్న దగ్గరికో తాత దగ్గరికో వెళ్లిపోయారు. ఆయన ఉండి ఉంటే చూసేవాడు, అని.

ఫుట్‌బాల్ చూస్తూ ఏడ్చేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. న్యూకాసిల్ కన్నీళ్లలో మాత్రం పెద్ద భాగం ఆ రోజు ఆటకు చెందింది కాదు. ఆ సీట్లో కూర్చోవలసి ఉండి, కూర్చోకుండానే వెళ్లిపోయినవాళ్లకు చెందింది. మనవైపు నువ్వులూ నీళ్లూ వదిలి తీర్చుకునే బాకీ లాంటిదే అక్కడ కంటినీటితో తీరింది.

డెబ్భై ఏళ్లంటే

ఇంగ్లండ్‌లోని పెద్ద పోటీల్లో ఈ క్లబ్ అంతకుముందు కప్పు గెలిచింది 1955లో. ఆ ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో ఆట మొదలైన 45 సెకన్లకే జాకీ మిల్‌బర్న్ తలతో గోల్ చేశాడు. 1951, 52, 55... అయిదేళ్లలో మూడుసార్లు అదే కప్పు గెలిచిన ఊరికి, మళ్లీ ఎప్పుడు అన్న ప్రశ్నే అప్పుడు తట్టి ఉండదు. 1969లో యూరప్ క్లబ్బుల ఫెయిర్స్ కప్పు ఒకటి వచ్చింది. ఆ తర్వాత పెద్ద కప్పేదీ రాలేదు. 1955 ఫైనల్‌ను పదేళ్ల వయసులో చూసినవాడికి 2025లో ఎనభై ఏళ్లు.

మధ్యలో వెంబ్లీకి వెళ్లలేదని కాదు. 1974, 1976, 1998, 1999, 2023: అయిదు ఫైనళ్లు, అయిదు ఓటములు. 1976 నాటిది మరీ అన్యాయం. మాంచెస్టర్ సిటీ తరఫున గాల్లో వెనక్కి పల్టీ కొట్టి గెలుపు గోల్ చేసిన డెనిస్ ట్యుయర్ట్ న్యూకాసిల్‌లోనే పుట్టి, ఆ జట్టునే అభిమానిస్తూ పెరిగినవాడు.

ఇక 1996. కెవిన్ కీగన్ మేనేజర్. జనవరిలో లీగ్ పట్టికలో పన్నెండు పాయింట్ల ఆధిక్యం. ఏప్రిల్ 3న లివర్‌పూల్ మైదానంలో చివరి నిమిషాల్లో 4-3తో ఓడిపోయినప్పుడు కీగన్ ప్రకటన బోర్డు మీదికి వాలిపోయిన దృశ్యం ఇప్పటికీ ఇంగ్లిష్ టీవీలో తిరుగుతూనే ఉంటుంది. టైటిల్ మాంచెస్టర్ యునైటెడ్‌కు పోయింది. ఆ జట్టు గెలవలేదు గానీ, గెలిచిన చాలా జట్లకన్నా దాన్నే జనం ఎక్కువ ప్రేమగా తలుచుకుంటారు. ఓడినవాణ్ని గుండెల్లో పెట్టుకోవడం కర్ణుణ్ని ఇష్టపడే మనకు కొత్తేమీ కాదు.

బొగ్గు, ఓడలు, ఒక కుర్రాడి చొక్కా

ఇంగ్లండ్ ఈశాన్యంలో న్యూకాసిల్, దాని చుట్టూ టైన్ నది ఒడ్డు ఊళ్లు బొగ్గు మీదా ఓడల మీదా బతికాయి. మిల్‌బర్న్‌ది ఆషింగ్టన్ అనే గనుల ఊరు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు బాబీ చార్ల్‌టన్, జాక్ చార్ల్‌టన్ సోదరుల తల్లి అతనికి దగ్గరి బంధువు. గనిలోకి దిగిన మనిషి సాయంత్రం పైకొస్తాడో లేదో తెలియని ఇళ్ల సంగతి గోదావరిఖని వాళ్లకూ కొత్తగూడెం వాళ్లకూ చెప్పక్కర్లేదు. అలాంటి ఇళ్లలో మగవాడు భయపడకూడదు, ఏడవకూడదు. 1984-85లో ఏడాది పాటు సాగిన గని కార్మికుల సమ్మె ఓడిపోయింది. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1993లో స్వాన్ హంటర్ ఓడల కర్మాగారం దివాలా తీసింది. ఇన్ని పోయినా ఊరు కలిసి కూర్చునే చోటు ఒకటి మిగిలింది. ఊరి నడిబొడ్డున, గుట్ట మీద, సెయింట్ జేమ్స్ పార్కు. యాభై రెండు వేల సీట్లు.

ఆ మగవాళ్లకు బాహాటంగా ఏడిచే వీలు ఇచ్చినవాడు కూడా ఆ నది ఒడ్డువాడే. పాల్ గాస్కోయిన్, అందరూ పిలిచే పేరు గాజా. గేట్స్‌హెడ్ దగ్గర డన్‌స్టన్‌లో పుట్టి, న్యూకాసిల్‌కు ఆడి, తర్వాత లండన్ వెళ్లాడు. 1990 జులై 4, ఇటలీలోని టురిన్, ప్రపంచ కప్ సెమీఫైనల్, ప్రత్యర్థి పశ్చిమ జర్మనీ. ఎక్స్‌ట్రా టైమ్‌లో జర్మన్ ఆటగాడు బెర్తోల్డ్ మీదికి దూకినందుకు గాజాకు పసుపు కార్డు చూపించారు. అంతకుముందే ఒకటి ఉంది. అంటే జట్టు ఫైనల్‌కు వెళ్లినా అతను ఆడడు. ఇరవై మూడేళ్ల కుర్రాడి పెదవి వణికింది, కళ్లు నిండాయి. సహచరుడు లినేకర్ బెంచీ వైపు తిరిగి, వాణ్ని ఓ కంట కనిపెట్టమని మేనేజర్‌కు సైగ చేశాడు. ఆట పెనాల్టీల దాకా వెళ్లి ఇంగ్లండ్ ఓడింది. గాజా చొక్కా ఎత్తి కళ్లు తుడుచుకున్న ఫొటో మర్నాడు దేశమంతా చూసింది.

ఆ రాత్రి టురిన్‌లో ఉన్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టండి. ఏడ్చినవాడు టైన్ ఒడ్డువాడు. ఆఖరి పెనాల్టీని క్రాస్‌బార్ మీదుగా తన్నేసిన క్రిస్ వాడిల్ ఆ ప్రాంతంవాడే. తన పెనాల్టీ గోల్ చేసిన పీటర్ బియర్డ్‌స్లీ కూడా అంతే. ముగ్గురూ న్యూకాసిల్ చారల చొక్కా వేసినవాళ్లే. బెంచీ మీదున్న మేనేజర్ బాబీ రాబ్సన్ డరమ్ బొగ్గుగనుల్లో పనిచేసిన కార్మికుడి కొడుకు. ఇంగ్లండ్ ఆ రాత్రి ఏడ్చిన ఏడుపులో ఈశాన్యం వాటా ఎక్కువే.

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్నీ నమ్మరాదని మనకో సామెత ఉంది. ఆ సామెత కట్టినవాళ్లు ఇద్దరిలో ఎవరినీ సరిగ్గా చూడలేదనే నా అనుమానం.

రాబ్సన్, రహీమ్

రాబ్సన్ చివరికి సొంత క్లబ్‌కు వచ్చాడు. 1999 సెప్టెంబరులో, సొంత మైదానంలో ఆయన తొలి మ్యాచ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే మీద 8-0. అందులో అయిదు గోల్స్ జట్టు స్ట్రైకర్ షియరర్‌వి. పట్టిక అడుగున ఉన్న జట్టును ఛాంపియన్స్ లీగ్ దాకా తీసుకెళ్లాడు. 2004లో ఆయన్ని తీసేసిన తీరును అభిమానులు ఈనాటికీ క్షమించలేదు. ఆయనకు అయిదుసార్లు క్యాన్సర్ వచ్చింది. 2008లో క్యాన్సర్ పరిశోధన కోసం తన పేరుతో నిధి ప్రారంభించాడు.

2009 ఆ ఊరికి చెడ్డ ఏడాది. మే 24న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో, డామియన్ డఫ్ కాలికి తగిలిన బంతి సొంత గోల్‌లోకే వెళ్లి 0-1తో ఓడిపోయారు. ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోయారు. ఆఖరి ఎనిమిది మ్యాచ్‌లకు జట్టును కాపాడమని పిలిపించుకున్నది షియరర్‌నే. గోస్ఫోర్త్‌లో రేకుల పని చేసే కార్మికుడి కొడుకు, 1996లో కోటీ యాభై లక్షల పౌండ్ల ప్రపంచ రికార్డు ధరకు సొంతూరికి తిరిగొచ్చి 206 గోల్స్ చేసిన మనిషి. అతనూ ఆపలేకపోయాడు.

రెండు నెలలు తిరిగాయి. జులై 26న రాబ్సన్ నిధి కోసం 1990 నాటి ఇంగ్లండ్, జర్మనీ ఆటగాళ్లు సెయింట్ జేమ్స్ పార్కులో మళ్లీ తలపడ్డారు. రాబ్సన్ చక్రాల కుర్చీలో వచ్చాడు. స్టేడియం లేచి నిలబడింది. అయిదు రోజులకు, జులై 31న, ఆయన పోయాడు. స్టేడియం దగ్గర పూలూ మఫ్లర్లూ కుప్పలయ్యాయి. వాటిలో పక్క ఊరి ప్రత్యర్థి సండర్‌లాండ్ ఎరుపు తెలుపు మఫ్లర్లూ ఉన్నాయి.

హైదరాబాదీలకు ఇది వింటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తుకు రావాలి. 1962లో క్యాన్సర్‌తో ఒళ్లు తగ్గిపోతున్నా జకార్తాలో భారత జట్టు పక్కనే నిలబడి, దక్షిణ కొరియాపై 2-1తో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించి, మరుసటి జూన్‌లో కన్నుమూసిన మన రహీమ్ సాబ్. ఆయన కోసం పూల కుప్పలు పెట్టే స్టేడియం మనం కట్టుకోలేదు. ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మనవాళ్లలో చాలామందికి ఆయన పేరే తెలియదు.

ఎందుకు ఏడుస్తారు?

శాస్త్రవేత్తలు దీన్ని వదల్లేదు. మార్తా న్యూసన్ అనే పరిశోధకురాలు, సహచరులు పదేళ్ల ఫలితాలు చూసి ప్రీమియర్ లీగ్‌లో బాగా గెలిచిన అయిదు క్లబ్బుల అభిమానులనూ, బాగా దెబ్బతిన్న అయిదు క్లబ్బుల అభిమానులనూ పోల్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. దెబ్బలు తిన్నవాళ్లే ఒకరికొకరు గట్టిగా అతుక్కుని ఉన్నారు. కలిసి పడ్డ బాధే వాళ్లను కట్టిపడేసింది. ఆ అయిదు క్లబ్బుల్లో న్యూకాసిల్ లేదు, సండర్‌లాండ్ ఉంది. ఈ ఒక్క పోటీలో సండర్‌లాండ్ ముందుందంటే న్యూకాసిల్‌వాళ్లు ఒప్పుకోరు.

సండర్‌లాండ్‌వాళ్ల సంగతి ఇంకొకటి ఉంది. 2014 జులై 17న ఉక్రెయిన్ మీద కూల్చేసిన మలేసియా విమానంలో న్యూకాసిల్ అభిమానులు ఇద్దరున్నారు. జట్టు న్యూజిలాండ్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడుతుంటే చూడటానికి భూగోళం ఆ చివరికి బయల్దేరినవాళ్లు. వాళ్లకు ఒక పూలదండ పెట్టాలని చందా మొదలుపెట్టింది సండర్‌లాండ్ అభిమానులు. వచ్చిన డబ్బు దండకు సరిపోయి, వేల పౌండ్లు మిగిలి సేవాసంస్థలకు వెళ్లింది. ఆ ఆగస్టులో సీజన్ తొలి మ్యాచ్ పదిహేడో నిమిషంలో స్టేడియం మొత్తం చప్పట్లు కొట్టింది.

మ్యాచ్‌కు ముందు సెయింట్ జేమ్స్ పార్కులో వినిపించేది మార్క్ నాఫ్లర్ ‘లోకల్ హీరో’ సినిమాకు కట్టిన గిటార్ బాణీ. అతను చిన్నప్పుడు బ్లైత్ అనే రేవు ఊళ్లో పెరిగాడు. డాన్ బర్న్‌దీ అదే ఊరు. పదకొండేళ్లప్పుడు న్యూకాసిల్ అకాడమీ బర్న్‌ను పంపేసింది. తర్వాత సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలు తోశాడు. డార్లింగ్టన్, ఫుల్‌హామ్, విగాన్, బ్రైటన్ చుట్టి, 2022 జనవరిలో ఇరవై తొమ్మిదేళ్లకు సొంత క్లబ్ చేరాడు. ఫైనల్‌కు రెండు రోజుల ముందు ఇంగ్లండ్ జట్టుకు తొలిసారి ఎంపికయ్యాడు. ఇది సినిమా కథగా రాస్తే మన నిర్మాతలే నమ్మశక్యంగా లేదని తిప్పి పంపేవారు.

కప్పు ఎత్తిన కెప్టెన్ బ్రూనో గిమారేస్ మాత్రం బ్రెజిల్‌వాడు. అతనూ ఏడ్చాడు. అతని చొక్కా మీది 39, రియోలో వాళ్ల నాన్న నడిపిన టాక్సీ నంబరు. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వినిపిస్తుండగా, కొద్ది వారాల క్రితమే పోయిన ఆటోడ్రైవర్ తండ్రిని తలుచుకుని ఏడ్చిన క్రికెటర్ సిరాజ్‌ను చూసినవాళ్లకు బ్రూనో సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

డబ్బు ఎవరిది?

ఇంతా చెప్పి ఒక మాట దాటేస్తే మోసమవుతుంది. 2021 అక్టోబరు 7న క్లబ్‌ను 30.5 కోట్ల పౌండ్లకు కొన్నది సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి నాయకత్వంలోని బృందం. అప్పుడు నిధి వాటా 80 శాతం. పద్నాలుగేళ్లు విసిగించిన పాత యజమాని పోయాడని ఆ రోజు స్టేడియం బయట పండగ చేసుకున్నారు. 2022 మార్చి 12న సౌదీలో ఒకే రోజు 81 మందికి మరణశిక్ష అమలు చేశారు. మర్నాడే న్యూకాసిల్ జట్టుకు చెల్సీతో మ్యాచ్. మేనేజర్ ఎడీ హౌను అడిగితే ఫుట్‌బాల్ గురించి మాత్రమే మాట్లాడతానన్నాడు. కన్నీళ్లు నిజమైనవే. వాటికి దారి వేసిన డబ్బుకు జవాబు చెప్పాల్సిన బాధ్యతా నిజమే. ఒకటి రెండోదాన్ని కడిగేస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మార్చి 29న ఊరేగింపు స్టేడియం నుంచి టౌన్ మూర్ పచ్చిక మైదానం దాకా సాగింది. వచ్చినవాళ్లు మూడు లక్షలని అంచనా. నగర జనాభా కూడా ఇంచుమించు అంతే.

అయితే ఫుట్‌బాల్ ఎవరినీ ఎక్కువ కాలం తీరిగ్గా ఏడవనివ్వదు. వేసవి ముగిసేసరికి ఫైనల్లో రెండో గోల్ చేసిన ఇసాక్ ఈ క్లబ్‌కు ఇక ఆడనని భీష్మించాడు. ఆగస్టు 25న అతను లేకుండానే సెయింట్ జేమ్స్ పార్కులో లివర్‌పూల్‌తో మ్యాచ్. పది మందితో ఆడుతూ 0-2 నుంచి 2-2కు లాక్కొచ్చాక, వందో నిమిషంలో లివర్‌పూల్‌కు చెందిన పదహారేళ్ల గుమోహా గెలుపు గోల్ చేశాడు. వారం తిరిగేసరికి 12.5 కోట్ల పౌండ్లకు ఇసాక్ వెళ్లింది ఆ లివర్‌పూల్‌కే. అతని పేరు ఇప్పుడు స్టాండ్లలో తిట్లలోనే వినిపిస్తుంది. వెంబ్లీలో చేసిన ఆ గోల్ మాత్రం తిరిగి తీసుకుపొమ్మని ఒక్కరూ అనలేదు.