పాట దొరికింది, ఆధారమేదీ?

గ్రామఫోన్ రికార్డింగుకు దేశంలో పుట్టిల్లయిన కోల్‌కతాలో సంగీత చరిత్రకు వనరులకు కొదవ లేదు. ఏది నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే అసలు పని.

భారతదేశంలో మొట్టమొదట గ్రామఫోన్‌కు పాడిందెవరు? క్విజ్ పోటీల్లో ఠక్కున వచ్చే జవాబు గౌహర్ జాన్. 2018 జూన్ 26న ఆమె 145వ జయంతికి గూగుల్ డూడుల్ పెట్టాక ఆ జవాబు మరింతమందికి చేరింది. కానీ రికార్డింగు కంపెనీ లెక్కల ప్రకారం అది తప్పు. గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో 1902 నవంబర్ 8న రికార్డింగు మొదలుపెట్టినప్పుడు పాడినవారు నాటకరంగానికి చెందిన ఇద్దరు యువతులు, శశిముఖి, ఫణిబాల. గౌహర్ జాన్ వంతు వచ్చింది మూడు రోజుల తర్వాత. అసలు అంతకు మూడేళ్ల ముందే, 1899లో, లండన్‌లో కెప్టెన్ భోలానాథ్, డాక్టర్ హర్నామ్‌దాస్ వంటివారి గొంతులు డిస్కుల కెక్కాయి.

ఈ సవరణతో గౌహర్ జాన్ స్థానానికి వచ్చిన లోటేమీ లేదు. రికార్డుల యుగపు తొలి తార ఆమే. అయితే ఒక సాదాసీదా వాస్తవం వందేళ్ల పాటు తప్పుగా చలామణీ కావడం సంగీత చరిత్రకున్న జబ్బును బయటపెడుతుంది. ఒకరు రాసిందాన్ని మరొకరు ఎత్తిరాస్తారు. పది చోట్ల కనిపించేసరికి అది నిజమైపోతుంది. పది పుస్తకాలూ ఒకే మూలాన్ని నమ్ముకుంటే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే.

లక్కపై రాసిన చరిత్ర

ఈ చిక్కుముడిని విప్పినవారిలో ముఖ్యుడు ఆస్ట్రేలియా పరిశోధకుడు మైకేల్ కినియర్. 1899 నుంచి 1908 వరకు గ్రామఫోన్ కంపెనీ చేసిన భారతీయ రికార్డింగుల వివరాలను ఆయన 1994లో బొంబాయి నుంచి పుస్తకంగా తెచ్చారు. అందులో కథలుండవు. ఉండేవి నంబర్లు, పేర్లు, భాషలు, ఊళ్లు. కానీ ఏ గాయని ఎప్పుడు పాడిందో తేల్చడానికి ఆ పొడి లెక్కలే పనికొస్తాయి.

రికార్డు కూడా ఒక దస్తావేజే. లేబుల్ మీది కేటలాగ్ నంబరు పునర్ముద్రణలో మారవచ్చు. దాని పక్కన లక్కలో చెక్కిన మేట్రిక్స్ నంబరు మాత్రం ఫలానా రోజున చేసిన ఫలానా రికార్డింగును పట్టిస్తుంది. పాట చివర గౌహర్ జాన్ తన పేరును ఇంగ్లీషులో చెప్పడం గురించి ఎన్నో కబుర్లున్నాయి. కారణం మామూలుదే. శియాల్దాలో 1908లో ఫ్యాక్టరీ పెట్టేవరకు ఇక్కడి రికార్డింగులను జర్మనీలోని హానోవర్‌కు పంపి డిస్కులు ముద్రించేవారు. అక్కడివారు ఏ పాట ఎవరిదో గుర్తుపట్టాలి కదా.

పేర్లతో మరో తంటా ఉంది. ఆ కాలంలో మల్కా జాన్‌లు ఒకరు కాదు. ఆగ్రా మల్కా జాన్ వేరు, చుల్‌బులీ మల్కా జాన్ వేరు. గౌహర్ తల్లిని వారి నుంచి వేరుచేయడానికే ‘బడీ మల్కా జాన్’ అన్నారు. ఊరు, కాలం చూడకుండా పేరును మాత్రమే పట్టుకుంటే ఒకరి పాటలు మరొకరి ఖాతాలోకి వెళతాయి. గౌహర్ జీవితమూ అంతే. పిల్లికి పిల్లలు పుడితే ఆమె వేల రూపాయలు పోసి విందు చేసిందన్న కథ అందరికీ తెలుసు. అజంగఢ్‌లో ఏంజెలీనా యోవార్డ్‌గా పుట్టిన బాలిక గౌహర్‌గా ఎలా మారిందో చెప్పాలంటే కథలు చాలవు. విక్రమ్ సంపత్ 2010లో ఆమె జీవితచరిత్రను వెలువరించినప్పుడు అందుకు అక్కరకొచ్చినవాటిలో ఆస్తి తగాదా నాటి కోర్టు కాగితాలున్నాయి. సంగీతం గురించి రాసినవి కాకపోవడమే వాటి బలం. ఎవరినీ పొగడాల్సిన అవసరం వాటికి లేదు.

ఇద్దరు కవులు, రెండు గతులు

ఆధారం ఉంటే ఏమవుతుందో, లేకుంటే ఏమవుతుందో బెంగాలీలకు బాగా తెలుసు. రవీంద్రనాథ్ టాగోర్ రెండు వేలకు పైగా పాటలు రాశారు. సాహిత్యం ‘గీతబితాన్’లో ఉంది. స్వరాలు విశ్వభారతి ప్రచురించిన ‘స్వరబితాన్’లో అరవైకి పైగా సంపుటాల్లో ఉన్నాయి. గాయకుడు దారి తప్పితే పుస్తకం తెరిచి చూపించవచ్చు.

కాజీ నజ్రుల్ ఇస్లాం పరిస్థితి అది కాదు. 1928 నుంచి గ్రామఫోన్ కంపెనీతో కలిసి పనిచేసిన ఆయన పాటలు మూడు వేలకు పైమాటే అంటారు. 1942లో జబ్బుపడి మాట కోల్పోయారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా జీవించినా, 1976లో కన్నుమూసేవరకు ఏ బాణీ తనదో, ఏది మారిందో చెప్పే స్థితిలో లేరు. పైగా ఆయన సాహిత్యానికి కమల్ దాస్‌గుప్తా వంటివారు కట్టిన బాణీలూ ఎన్నో ఉన్నాయి. అందుకే ఢాకాలో 1985లో ఏర్పాటైన నజ్రుల్ ఇన్‌స్టిట్యూట్ పాత రికార్డులను విని, వాటి ఆధారంగా స్వరలిపి సిద్ధం చేయించే పని చేపట్టింది. ఒక 78 ఆర్‌పీఎం డిస్కు పగిలితే అక్కడ పోయేది పాత వస్తువు కాదు, పాట అసలు రూపానికి మిగిలిన ఒకే ఒక సాక్షి కావచ్చు.

దేనికి ఏ పుస్తకం?

పుస్తకాల్లోనూ తరతమాలు తెలియాలి. బిమలాకాంత రాయ్‌చౌధురి బెంగాలీలో కూర్చిన ‘భారతీయ సంగీత కోశ్’ పారిభాషిక పదాలకు దిక్సూచి. నిఖిల్ ఘోష్ స్థాపించిన సంగీత్ మహాభారతి దశాబ్దాల శ్రమ 2011లో మూడు సంపుటాల ఆక్స్‌ఫర్డ్ విజ్ఞాన సర్వస్వంగా వచ్చింది. సంగీతకారుల గురించి తొలి విచారణకు అది మేలు. కుమార్ ప్రసాద్ ముఖర్జీ ‘కుద్రత్ రంగిబిరంగి’ చదివితే ఉస్తాదుల స్వభావాలు కళ్లకు కడతాయి. కానీ అది జ్ఞాపకాల పుస్తకం. ఘరానా వాతావరణానికి దాన్ని నమ్మవచ్చు, తేదీలకు మాత్రం మరోచోట సరిచూసుకోవాలి.

తెలుగువారికి ఈ జాగ్రత్త కొత్త కాదు. ఎట్టయపురంలో 1904లో తెలుగులో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో 77 మంది జీవితాలతో వాగ్గేయకార చరిత్రం ఉంది. ముత్తుస్వామి దీక్షితుల వంశం గురించి ఆయన చెప్పింది ఇంటి మాట. శతాబ్దాల కిందటివారి గురించి చెప్పింది విన్న మాట. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నంత మాత్రాన రెంటి బరువూ ఒకటి కాదు.

ఇప్పుడు కాలంతో పోటీ మొదలైంది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్ ప్రైవేటు సేకర్తల దగ్గరున్న హిందుస్తానీ సంగీతాన్ని డిజిటల్ రూపంలోకి మార్చి వేల గంటల భాండాగారాన్ని నిర్మించింది. టాలీగంజ్‌లోని ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీ, అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయం సరేసరి. కానీ ఎంతో సరుకు ఇంకా ఇళ్లలోనే ఉంది. సేకర్త పోయాక వారసులకు అది చోటు ఆక్రమించే బరువు. డిస్కు ఎవరో ఒకరి చేతికి చేరినా, ఏది ఎక్కడిది, ఎప్పటిది అని ఆయన రాసిపెట్టుకున్న నోటుపుస్తకం చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది.

పాటను కాపాడటం సగం పనే. అది ఎవరిదో, ఎప్పటిదో చెప్పే చీటీని కూడా కాపాడితేనే రేపటి పరిశోధకుడు కథకూ చరిత్రకూ మధ్య గీత గీయగలడు.