తంబుర భుజానికెత్తిన నాజర్

కృష్ణా జిల్లాలో కృత్తివెన్ను, బంటుమిల్లి, మొవ్వ చుట్టుపక్కల ఊళ్లలో ఏ రామాలయం అరుగు మీదైనా పెద్దవాళ్ల ముందు బుర్రకథ మాట ఎత్తి చూడండి. కోతలు, నూర్పిళ్లు అయ్యాక వేసిన తాటాకు పందిరి, పెట్రోమాక్స్ లైటు, బండ్లు కట్టుకుని వచ్చిన పక్క ఊళ్ల జనం, కోడి కూసేదాకా సాగిన కథ, అన్నీ వరసగా చెప్పుకొస్తారు. ఆ మాటల్లో ఎక్కడో ఒకచోట షేక్ నాజర్ పేరు వచ్చి తీరుతుంది. బుర్రకథ పితామహుడని తెలుగునాట పిలిపించుకున్న మనిషి ఆయన.

నాజర్‌ది కృష్ణకు అవతలి ఒడ్డు. 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. దూదేకడం, పరుపులు కుట్టడం ఆ కులం వారి పాత వృత్తి. విల్లు భుజాన వేసుకుని వీధుల్లోకి వచ్చే దూదేకుల సాయిబు కోస్తా ఊళ్లకు కొత్తేమీ కాదు. పొడవాటి కొయ్యకు బిగించి కట్టిన నరం, దాన్ని కొట్టడానికి చేతిలో ఒక కొయ్య గుండు. ఒక్క దెబ్బ వేస్తే నరం గుమ్మని మోగుతుంది. ఆ అదురుకే అణిగిపోయిన బూరుగు దూది విడివడి పొరలు పొరలుగా లేస్తుంది. పిల్లలు చుట్టూ మూగేది దూది ఎగరడం చూడటానికి ఎంతో, ఆ మోత వినడానికీ అంతే.

పనిముట్టులో దాగిన నాదాన్ని పట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. యూరప్, అమెరికాల్లో వడ్రంగి రంపమే వాద్యమైంది. పిడిని మోకాళ్ల మధ్య బిగించి, రెండో కొసను చేత్తో వంచి, పళ్లు లేని అంచు మీద వయొలిన్ కమాను లాగుతారు. జర్మనీలో పుట్టిన సినీతార మార్లీన్ డీట్రిచ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల శిబిరాలకు వెళ్లి ఈ రంపం వాయించేది. రంపం రేకును వంచకుండా కొడితే మోత వెంటనే ఆగిపోతుంది. ‘ఎస్’ అక్షరంలా వంచితే మాత్రం, వంపు ఇటునుంచి అటు తిరిగే చోట కంపనం చిక్కుకుపోయి చాలాసేపు పాడుతుంది. ఆ చోటును కాస్త జరిపితే స్వరం మారుతుంది. దీని వెనక ఉన్న భౌతిక శాస్త్రాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్. మహదేవన్ బృందం 2022లో వివరించింది. రంపానికి వీణలాగా మెట్లుండవు కాబట్టి వాయించేవారికి చెవే ఆధారం.

నాజర్ కూడా ముందు చెవినే పదును పెట్టుకున్నారు. చిన్నతనంలోనే నాటకాల్లో చేరారు, వేషాలు కట్టారు, హార్మోనియం పట్టారు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఈ సాధన ఆయన తర్వాతి జీవితానికి పునాది. జానపదమంటే గొంతు చించుకుని అరవడమని అనుకునేవారికి నాజర్ కథే జవాబు. శ్రుతి తప్పకుండా, తాళం జారకుండా, మాట మింగకుండా గంటల తరబడి కథ నడపాలంటే ఎంత సంగీతం కావాలో ఆయనకు తెలుసు.

ఆయన చేతికి వచ్చేనాటికి బుర్రకథ కొత్త కళేం కాదు. జంగాలు, శారదకాండ్రు ఊరూరా తిరిగి చెప్పుకునే కథల నుంచి పెరిగిన ప్రక్రియ ఇది. ఆ కథలు చెప్పేవారిని సమాజం యాచకుల కిందే జమకట్టింది. విని మెచ్చుకుని, నాలుగు గింజలు వేసి పంపేవారు. 1940ల్లో దాన్ని వేదికకు ఎక్కించి, రాజకీయ సభకు కూడా సరిపడేలా తీర్చినవారిలో నాజర్ ముందు వరసలో ఉన్నారు. తాడికొండ ప్రాంతంలోని కమ్యూనిస్టు కార్యకర్తల ప్రోత్సాహంతో దళం కట్టారు. కర్నాటి లక్ష్మీనరసయ్య, రామకోటి వంటివారు వంతలుగా, అంటే పక్కన నిలిచి వంత పాడేవారిగా, ఆయనకు జోడయ్యారు.

బుర్రకథకు ముగ్గురు మనుషులు చాలు. మధ్యలో కథకుడు. తలపాగా, పొడుగు అంగరఖా, నడుముకు పట్టీ, కాళ్లకు గజ్జెలు. భుజాన తంబుర, కుడిచేతి వేళ్లకు బోలు అందెలు. అడుగు ముందుకు వేస్తే గజ్జె, వేళ్లు కదిపితే అందె, మధ్యలో తంబుర తీగ, వీటన్నిటి మీద గొంతు. అంటే ఒకే మనిషి నాలుగు పనులు చేస్తూ కథ చెబుతున్నాడన్నమాట. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన పలుకుతారు. వారిలో ఒకరిది హాస్యం. జనం అడగాలనుకున్న ప్రశ్న అతనే అడుగుతాడు, అడ్డం తగులుతాడు, నవ్విస్తాడు. రెండో వంతది రాజకీయం. పాత కథలో యుద్ధం జరుగుతుంటే ఇవాళ్టి జమీందారు సంగతి ఎత్తుతాడు. కథకుడు వీరరసంలో ఉండగా హాస్యపు వంత ఎప్పుడు కల్పించుకోవాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది కథ మొత్తానికీ ప్రాణం. ఒక్క క్షణం ముందైనా, వెనకైనా జనం కథలోంచి బయటికి వచ్చేస్తారు.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, వీరాభిమన్యు, క్రీస్తు, బెంగాల్ కరువు నాజర్ చెప్పిన కథలు. ఈ వరసను ఒకసారి నిదానంగా చదవాలి. ముస్లిం ఇంట పుట్టిన మనిషి అభిమన్యుడి కథ చెప్పాడు, క్రీస్తు కథ చెప్పాడు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే బంతిన కూర్చోబెట్టిన చాపకూడు ఉంది. పీర్ల పండుగకు అన్ని కులాలవారూ కదిలే కోస్తా ఊళ్లకు ఆ గొంతు పరాయిగా అనిపించలేదు.

1943లో బొంబాయిలో ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) ఏర్పడింది. తెలుగునాట దాని శాఖగా గరికపాటి రాజారావు వంటివారి సారథ్యంలో ప్రజానాట్యమండలి పనిచేసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకంతో పాటు బుర్రకథ కూడా ఆ ఉద్యమానికి పెద్ద అండ. గుడివాడ, దివిసీమ, బందరు ప్రాంతాల్లో రైతు సంఘాలు బలంగా ఉన్న కాలం అది. ఈ గడ్డ మీదే ఆడవాళ్లూ కథ చెప్పడానికి ముందుకొచ్చారు. మోటూరు ఉదయం నాయకత్వంలో మహిళా బుర్రకథ దళం ఏర్పడింది. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజానాట్యమండలిలో పాటలు పాడారు. గజ్జె కట్టి వేదికెక్కే ఆడదాన్ని లోకం ఏమంటుందో తెలిసి కూడా ఎక్కినవాళ్లు వీళ్లు. నాజర్‌ను తలుచుకునే సభల్లో వీరి పేర్లు ఇంకా గట్టిగా వినపడాలి.

సర్కారుకు ఈ నాటకాలు, బుర్రకథలు కంటగింపయ్యాయి. మద్రాసు ప్రభుత్వం ‘మా భూమి’ని నిషేధించింది. 1940ల చివర కృష్ణా జిల్లా ఊళ్ల మీద మలబారు పోలీసులు విరుచుకుపడ్డారు. కళాకారులు చెల్లాచెదురయ్యారు, దళాలు విడిపోయాయి. ఆ దెబ్బ తర్వాత కూడా నాజర్ తంబుర దించలేదు. రాజకీయ వేదిక లేనిచోట తిరునాళ్లలో చెప్పారు, నాటకాలు రాశారు, కొత్తవాళ్లను కూర్చోబెట్టి నేర్పారు. పెద్దరికమంటే ఇదే కదా: తన పేరు వెలిగే రోజుల్లో కంటే కళ గడ్డుకాలంలో ఉన్నప్పుడే శిష్యులను తయారుచేయడం.

1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న ఆయన కన్నుమూశారు. అంగడాల వెంకట రమణమూర్తి అక్షరీకరించిన ఆయన ఆత్మకథ ‘పింజారి’ కళాకారుడి బతుకెలా గడుస్తుందో తెలుసుకోవాలనుకునేవారు చదవదగ్గ పుస్తకం.

ఇప్పుడు బుర్రకథ దళాలు ఎక్కువగా ప్రభుత్వ ప్రచారాల్లో కనిపిస్తున్నాయి. కూచిపూడికి ఊరిపేరుంది, కళాక్షేత్రముంది, నేర్చుకోవడానికి ఒక దారి ఉంది. అదే కృష్ణా జిల్లాలో బుర్రకథ నేర్చుకోవాలనుకున్న పిల్లవాడు ఎవరింటి తలుపు తట్టాలి? మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం పట్టించుకోదగ్గ ప్రశ్న ఇది. వంతలుగా పనిచేసిన పెద్దలు ఉన్నంతలోనే వారి గుమ్మెట దెబ్బలు, మాటల విరుపులు రికార్డు చేసుకోవాలి. పుస్తకంలో కథ దొరుకుతుంది కానీ హాస్యపు వంత అందుకునే సమయం దొరకదు.

నాజర్ గొంతు వినాలనుకునేవారికి 1954 నాటి ‘అగ్గిరాముడు’ ఉంది. ఎన్టీఆర్, భానుమతి నటించిన ఆ సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పింది నాజర్ దళమే. సినిమా కోసం కుదించిన కథ కాబట్టి రాత్రంతా సాగిన కథను దానితో తూచకూడదు. అయినా ఆయన వచనంలోంచి పాటలోకి ఎక్కడ దాటుతారో, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, వంతలకు ఎక్కడ చోటు వదులుతారో గమనిస్తూ రెండోసారి వినండి.