రాతి పనిముట్ల వయస్సును నిర్ణయించుట ఎట్లు?

మానవుని పూర్వులు రాతిని రాతితో కొట్టి, పదునైన పెచ్చులను తీసి, మొదటిసారిగా పనిముట్టుగా వాడుకొన్నది ఎప్పుడు? ఈ ప్రశ్నకు సమాధానం ఆ రాతిలో దొరకదు. ఆ శిల వారి చేతికి అందుటకు ఎంతో పూర్వమే పుట్టి ఉన్నది. శిల వయస్సు వేరు, దానిపై పడిన దెబ్బ వయస్సు వేరు. మనకు కావలసినది ఆ దెబ్బ వయస్సు.

సాహిత్య విద్యార్థులమైన మనకు ఇటువంటి చిక్కు పరిచితమే. తన కాలాన్ని చెప్పుకొనని కవిని, అతడు స్తుతించిన పూర్వకవులను బట్టి, అతనిని ఉదాహరించిన తరువాతివారిని బట్టి రెండు అవధుల నడుమ నిలుపుతాము. నన్నెచోడుడు నన్నయకు ముందువాడా, తరువాతివాడా అని ఎంత వాదం జరిగినదో మనం ఎరుగుదుము. శాస్త్రజ్ఞులును పనిముట్టు దొరికిన పొరకు క్రింద ఏమున్నది, పైన ఏమున్నది అనియే చూస్తారు.

పొరలలో మిక్కిలి విలువైనది అగ్నిపర్వతపు బూడిద. అందలి పొటాషియంలో అత్యల్ప భాగం రేడియోధార్మికమై, అతి మందగతిని క్షీణిస్తుంది. సగం తరుగుటకు సుమారు 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఆ క్షీణతలో కొంత ఆర్గాన్ వాయువు పుడుతుంది. శిల కరిగి ఉన్నంతసేపు ఆ వాయువు వెలుపలికి పోతుంది. చల్లారిన పిమ్మట పుట్టినది స్ఫటికాలలోనే చిక్కుకొంటుంది. దానిని కొలిస్తే విస్ఫోటనం జరిగిన కాలం తెలుస్తుంది. టాంజానియాలోని ఓల్డువాయి లోయలో లీకీ దంపతులకు 1959లో పనిముట్లతో కూడ దొరికిన పుర్రె 6 లక్షల సంవత్సరాల నాటిదని లూయీ లీకీ అంచనా వేశారు. 1961లో ఈ పద్ధతి ఆ పొరకు 17.5 లక్షల సంవత్సరాలు చూపినది!

అయితే గడియారం మంచిదైనంత మాత్రాన చాలదు. కెన్యాలో తుర్కానా సరస్సుకు తూర్పున, కూబీ ఫోరాలో, 1969లో కే బెరెన్స్‌మేయర్ ఒక బూడిద పొరలో పనిముట్లను కనుగొన్నారు. ఆమె పేరు మీదనే దానికి కె.బి.ఎస్. పొర అని పేరు వచ్చినది. దాని నమూనాలు ఇంగ్లండులోని ఫిచ్, మిల్లర్ అను వారికి చేరినవి. తొలి కొలతలో వచ్చిన వయస్సు సుమారు 22 కోట్ల సంవత్సరాలు! నీటి ప్రవాహంలో కొట్టుకొచ్చిన ప్రాచీన శిలల రేణువులు బూడిదతో కలిసిపోయిన ఫలితమది. ఏరి తీసిన స్ఫటికాలతో మరల కొలిచి 26 లక్షలని ప్రకటించారు. 1972లో ఈ పొరకు క్రింద ప్రసిద్ధమైన 1470 సంఖ్య గల పుర్రె లభించుటతో మానవ జాతి ప్రాచీనత అంతయు ఈ అంకె మీద ఆధారపడినది.

దానిని కదిలించినవి పందులు. అక్కడి పంది దంతాల శిలాజాలను బేసిల్ కుక్ పరిశీలించగా, ఇథియోపియాలోని ఓమో లోయలో సుమారు 20 లక్షల సంవత్సరాల పొరలలో ఉన్న పందులతో అవి సరిపోయినవి. ఒకే కాలపు పందులు రెండు ప్రాంతాలలో 6 లక్షల సంవత్సరాల తేడాతో ఎట్లుండును? వాదం కొన్నేండ్లు తీవ్రంగా నడచినది. 1975లో కర్టిస్ బృందం తక్కువ వయస్సును ప్రకటించినది. 1980 ప్రాంతంలో వేర్వేరు పద్ధతులు 18.8 లక్షల వద్ద ఏకీభవించినవి. యంత్రం చెప్పిన అంకెను పంది పళ్ళు ప్రశ్నించుట మాకు ఎంతో ముచ్చటైన విషయం.

తదుపరి ఇథియోపియాలోని గోనాలో 26 లక్షల సంవత్సరాల పనిముట్లు (1997), కెన్యాలోని లొమెక్వీలో 33 లక్షల సంవత్సరాలవి (2015) ప్రకటితమైనవి. లొమెక్వీ విషయంలో బూడిద వయస్సును ఎవరూ పెద్దగా శంకించలేదు. ఆ రాళ్ళు నిజముగా ఆ పొరకు చెందినవేనా అన్నదే కొందరి సందేహం.

ఆఫ్రికాతో పోల్చిన మిక్కిలి ఇటీవలిదే అయినను, అటువంటి బూడిద మన నేలలోనూ ఉన్నది. నంద్యాల జిల్లా బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురంలో, సుమారు 74 వేల సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద మందమైన పొరగా నిలిచినది. దాని క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరికినవని 2007లో ప్రకటించారు. ఆ బూడిదనే పాత్రలు తోమే పొడుల కొరకు తవ్వి అమ్ముకొన్నారు. తవ్విన చోట పనిముట్లు మిగిలినను, వాటి కాలాన్ని చెప్పు పొర మిగలదు.