'వద్దు' అనడం పిల్లలకు నేర్పుతున్నారా?

ఇంటికి చుట్టాలొస్తారు. "మామయ్యగారికి ముద్దు పెట్టమ్మా" అంటుంది తల్లి. పిల్ల తలుపు చాటుకు పోతుంది. "సిగ్గులెండి!" అని నవ్వుతూ, రెక్క పట్టుకు తీసుకొచ్చి ఆయన ఒళ్ళో కూచోపెడతాం. ఆయన మంచివాడే కావచ్చు, సందేహం లేదు. కాని తన ఒంటి సంగతిలో తనకిష్టం లేదన్నా ఎవరూ వినరని ఆ పిల్ల ఆ పూట నేర్చుకుంటుంది.

మన ఇళ్ళల్లో 'నోట్లో నాలుక లేని పిల్ల' అనడం మెప్పుకోలు. భయం చెప్పాలంటే బూచివాడు ఉండనే ఉన్నాడు. ఆ బూచివాడు ఎప్పుడూ వీధిలోనే ఉంటాడు, భుజాన గోనెసంచీతో. అయితే 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన నివేదిక వేరే సంగతి చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగితే, నూటికి 53 మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. అలా బాధపడ్డవారిలో మగపిల్లలు సగానికి పైనే. ఆ పని చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళూ, నమ్మకస్తులూను!

అంచేత బూచివాణ్ణి కాస్త పక్కన పెట్టి, మూడో ఏటనుంచే ఇంట్లో పని మొదలుపెట్టాలి. ఎర్ర గౌనా, పచ్చ గౌనా అన్నది పిల్లనే తేల్చుకోనివ్వండి. కడుపు నిండిందంటే ఆఖరి ముద్ద నోట్లో కుక్కకండి. "ఇలా అయితే పొగరు నేర్వరూ?" అంటారు బామ్మగారు. పళ్ళు తోముకోవడం, టీకా వేయించుకోవడం, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవడం - వీటిలో పిల్లల ఇష్టాయిష్టాలు లేవని కూడా చెబుతాం కదా! ముద్దులూ కౌగిలింతలూ ఆ కోవలోవి కావు. పెద్దలకు నమస్కారం పెడితే మర్యాదకు లోటేమీ రాదు.

స్నానం చేయించేటప్పుడు కన్ను, ముక్కు, చెవి అని నేర్పుతూ నడుం కిందికి వచ్చేసరికి "ఛీ, సిగ్గు!" అంటాం. పేరు తెలియని చోట జరిగినదాన్ని పసివాడు ఏమని చెబుతాడు? పేరు చెప్పండి. ఆ చోటును కడిగి శుభ్రం చేయడానికి అమ్మ తాకవచ్చు, అమ్మ పక్కనుండగా డాక్టరుగారు చూడవచ్చు; ఆటకి ఎవరూ తాకకూడదని చెప్పండి.

రహస్యాల సంగతి మరీ ముఖ్యం. నాన్నగారి పుట్టినరోజుకు కొన్న పంచె నాలుగు రోజుల్లో బయటపడే రహస్యం. "అమ్మకి ఎప్పటికీ చెప్పకు" అని ఎవరన్నా, బిళ్ళ ఇచ్చి అన్నా సరే, అది వెంటనే అమ్మకి చెప్పవలసిన మాట. బడినుంచి తీసుకువెళ్ళడానికి కొత్తవాళ్ళు వస్తే ఇంట్లోవాళ్ళకే తెలిసిన గుర్తుమాట ఒకటి అడగాలి. 'గుత్తివంకాయ' అని పెట్టుకున్నా చాలు, పిల్లలు మరిచిపోరు. వారానికోసారి ఆటగా ఆడించండి: మీరు కొత్తమనిషి, వాడు గట్టిగా "వద్దు!" అని అరిచి పరుగెత్తాలి.

ఇంత నేర్పినా, ఆ క్షణంలో పిల్లలు బిగుసుకుపోవచ్చు. పెద్దవాడి బలం ముందు పసివాడి "వద్దు" ఎంత? అందుకే వాడు వచ్చి చెప్పినప్పుడు "నువ్వెందుకు వెళ్ళావు?" అనకండి. "చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు" అనండి. అడిగిందే అడిగి వేధించకండి.

పరువు పోతుందని తలుపులు మూసుకునేవారికి చట్టం సంగతి తెలియాలి. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడమే నేరం. పిల్లల వాఙ్మూలం వారి ఇంటిదగ్గరే, సాధ్యమైనంతవరకు మహిళా పోలీసు అధికారి, అదీ యూనిఫారం లేకుండా తీసుకోవాలి. రాత్రిపూట వారిని స్టేషనులో ఉంచరాదు. వారి పేరు, ఇల్లు, బడి పత్రికల్లో వేయరాదు. సాయానికి 1098కి ఫోను చేయవచ్చు, ఖర్చేమీ లేదు. ఆ నాలుగంకెలు పిల్లలచేత కూడా కంఠస్థం చేయించవచ్చు.