కొత్తగా నాటిన చెట్ల ఆకులు మాడుతున్నాయా?



ఇంటి ముందు, బడి ఆవరణలో, గుడి చుట్టూ అందానికీ నీడకూ చెట్లు నాటడం ఈ మధ్య బాగా పెరిగింది. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుండి నిలువెత్తు పొగడ, నరమామిడి, దేవగన్నేరు మొక్కలు లారీల మీద ఎంతో దూరం పోతున్నాయి. డబ్బు పోసి తెచ్చిన మొక్క నెల తిరగకుండానే గోధుమరంగుకు తిరిగితే ప్రాణం ఉసూరుమంటుంది. నర్సరీవాడు మోసం చేశాడని ఒకరంటారు, తెగులు పట్టిందని ఇంకొకరంటారు. ఎవరేమన్నా చివరకు అందరూ చేసేది మాత్రం ఒక్కటే: మరో రెండు బిందెల నీళ్లు కుమ్మరించడం.

కొంచెం ఆగండి. దప్పికగొన్న మొక్క ఆకూ మాడుతుంది, నీట మునిగిన మొక్క ఆకూ మాడుతుంది. మొదటిదానికి నీరు లేదు. రెండవదానికి నీరున్నది గాని, గాలి ఆడక వేళ్లు కుళ్లి, ఆ నీటిని తాగలేకపోతున్నది. పైకి చూస్తే రెండూ ఒకే తీరుగా కనపడతాయి.

కనుక ఆకు కంటె ముందు మట్టిని చూడవలెను. మొక్కతోపాటు సంచిలో వచ్చిన మట్టిగడ్డ ఉన్నదే, అందులోకి, కాండానికి నాలుగు అంగుళాల ఎడంగా వేలు గాని పుల్ల గాని గుచ్చి చూడండి. చుట్టూ ఉన్న మన నేలలో కాదు సుమా! నాటిన కొత్తలో వేళ్లన్నీ ఆ గడ్డలోనే ఉంటాయి. పాదు అంచున తడి ఉన్నా నడుమ గడ్డ రాయిలా ఎండి ఉండవచ్చు. అలా ఎండిన గడ్డ నీటిని వెంటనే పీల్చదు, పోసినది పోసినట్టే పక్కలకు జారిపోతుంది. అప్పుడు కాండం మొదట్లో సన్నని ధారగా, ఆగి ఆగి పోయాలి. పైన వరిగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది. గడ్డి మాత్రం కాండానికి తగలరాదు.

నల్లరేగడిలో వ్యవహారం వేరు. ఒక ఊళ్లో గుడి చుట్టూ నరమామిడి మొక్కలు వరుసగా మాడాయని కబురు వస్తే వెళ్లి చూశాను. పూజారిగారు ఉదయం, సాయంత్రం తప్పకుండా నీళ్లు పోయిస్తున్నారు. గోతులు తవ్వి ఎర్రమట్టి, ఇసుక కలిపి నింపారట. ఒక మొక్క పక్కన గునపంతో తవ్వితే అడుగున నీరు ఊరింది, మురుగువాసన కొట్టింది. తెల్లగా ఉండవలసిన వేళ్లు నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే పైతోలు ఊడి వచ్చింది. జిగటనేలలో తవ్విన గొయ్యి తొట్టె వంటిది, పోసిన నీటికి బయటకు దారి లేదు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయవచ్చు గాని, ముందు నీరు పోయే కాలువ తీయకుండా మందు పోయడం శుద్ధ దండగ. అటువంటి నేలలో మొక్కను కొంచెం మెట్టచేసి నాటడమే మేలు.

మట్టి తేమ సరిగానే ఉంటే, అప్పుడు ఆకు వైపు చూడండి. ముదురాకుల కొసలు, అంచులు మాత్రమే కాలినట్లుండి పాదులో తెల్లని పొర కడితే, బోరునీటిలో ఉప్పు ఉన్నదని అనుమానించవలె. నీటిని పరీక్షకు పంపండి. కాండం మొదట్లో యూరియా గాని, మాగని పేడ గాని వేసిన కొద్దిరోజులకే అంచులు మాడితే ఆ ఎరువే కారణం. వేళ్లు ఊనుకోని మొక్కకు యూరియాతో పనిలేదు. ఎండ తగిలే పక్క ఆకుల నడుమ మచ్చలుగా మాడితే, షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా వేసవి ఎండలో పెట్టారన్నమాట. దీనికి భయపడనక్కరలేదు, కొత్త చిగురు ఎండకు అలవాటుపడే వస్తుంది.

మొదలు దగ్గర మట్టిపూత కనిపిస్తే చెదలు. అక్కడే ఇంకొకటి కూడా చూడండి. పాలిథిన్ సంచి కోయకుండా నాటారేమో, నైలాన్ తాడు కాండాన్ని కోస్తున్నదేమో, మొదలు లోతుగా పూడిపోయిందేమో. కూలికి నాటించిన చోట్ల సంచితోనే పూడ్చిన మొక్కలు నాకు తరచు కనపడుతున్నాయి.

ఇక మొక్క బతికున్నదా లేదా అన్న సంగతి. మాడిన ఆకులు రాలిపోతే ఒక విధంగా మంచిదే, కొమ్మలో ఇంకా ప్రాణమున్నది గనుకనే ఆకును వదిలించుకున్నది. రాలకుండా ఎండి వేలాడుతుంటే కొమ్మ హఠాత్తుగా చచ్చి ఉండవచ్చు. గోటితో బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే మొక్కను పీకవద్దు. కొన నుండి గీకుతూ కిందికి వచ్చి, పచ్చదనం మొదలైన చోటికి కాస్త పైన ఎండుకొమ్మ కత్తిరించండి. మొదలు దాకా గోధుమరంగే అయితే మాత్రం తీసివేయవలసిందే. కాని కారణం తెలుసుకొని సరిచేయనిదే అదే గోతిలో ఇంకో మొక్క పెట్టకండి.