చర్చిల్ రిబ్

రెండు గొట్టాలు పక్కపక్కన ఉండే పక్షివేట తుపాకీలో, వాటి నడుమ పొడుగునా పైన ఒక సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. అదే రిబ్. గొట్టాలను కలిపి ఉంచడం దాని మొదటి పని. సీసం, తగరం కలిపిన టంకంతో దాన్ని అతికిస్తారు. అతుకు గట్టిగా ఉందో లేదో చూడాలంటే మేస్త్రీ గొట్టాలను తుపాకీ నుంచి విడదీసి, వేలికి వేలాడదీసి, కణుపుతో తడతాడు. అంతా బాగుంటే గంటలా ఖంగున మోగుతుంది. ఎక్కడైనా ఊడితే బొంగురుగా జరజరమంటుంది.

అసలు సంగతి కంటితో ఉంది. రైఫిల్‌కు ఉన్నట్టు వెనక గురిచూసే గాటు దీనికి లేదు, ఆ చోట ఉండేది వేటగాడి కన్నే. కంటికీ తుపాకీ మూతికీ సుమారు మీటరు దూరం. చెంప కింద కర్ర ఎత్తుగా ఉండి కన్ను 3 మిల్లీమీటర్లు పైకి లేచిందంటే, 40 మీటర్ల దూరంలో దెబ్బ 12 సెంటీమీటర్లు పైకి పోతుంది. అందుకే రిబ్ ఎత్తు పెంచితే కర్రనూ అంతే ఎత్తాలి.

చూపు పక్షి మీదే ఉండాలి, రిబ్ కంటికి అడ్డురాకూడదు. లండన్ పనివాళ్లు చాలాకాలం దాన్ని గొట్టాల మధ్య గుంటగా దించి చేసింది ఇందుకే. లండన్ తుపాకుల తయారీదారు రాబర్ట్ చర్చిల్ మాత్రం వేరే దారి పట్టాడు. 28, 30 అంగుళాల గొట్టాలు మామూలైన రోజుల్లో 25 అంగుళాల తుపాకీని పట్టుబట్టి ప్రచారంలోకి తెచ్చాడు. పొట్టి గొట్టం చూపుకు మొండిగా ఆనుతుంది కదా, అందుకని ఎత్తుగా, ఇరుకుగా, మూతివైపు సన్నబడుతూ పోయే రిబ్ పెట్టాడు. కంటికి గొట్టం పొడుగ్గా తోస్తుంది. నాకు ఇది అద్భుతమైన ఆలోచన అనిపిస్తుంది: తుపాకీ బరువు పెరగలేదు, చూపు మాత్రం సాగింది. అయితే తేలికైన పొట్టి తుపాకీ ఎంత చురుగ్గా కదులుతుందో అంత తొందరగా ఆగిపోతుంది కూడా. దూరాన అడ్డంగా పోయే ఫెజెంట్ పక్షిని కొట్టేటప్పుడు అదే చిక్కు.

తర్వాత ఒకదానిపై ఒకటి గొట్టాలుండే తుపాకీలు బాగా వ్యాపించాయి. జాన్ బ్రౌనింగ్ చివరి రూపకల్పన సూపర్‌పోజ్డ్ ఆయన పోయాక 1931లో మార్కెట్‌లోకి వచ్చింది. అలాంటి వాటి మీద కాళ్లపై నిలబెట్టిన, కింద గాలి ఆడే రిబ్ బాగా కుదిరింది. వరసగా కాల్చినప్పుడు వేడెక్కిన గొట్టం మీద ఆవిరిలా కదిలే గాలి వల్ల చూపు చెదరకుండా ఈ రిబ్ కాపాడుతుంది. మట్టి బిళ్లలను కాల్చే పందేల్లో ఇది నిజంగా అవసరం. పొదల్లో నడిచి అప్పుడో ఇప్పుడో కాల్చే వేటగాడికి అంత లాభం లేదు, పైగా కంచెకు తగిలితే ఆ పలచని పట్టీ సొట్టపడుతుంది. ఏ రిబ్ అయినా ముందు పెద్ద కాగితం మీద కాల్చి గుళ్లు ఎక్కడ పడ్డాయో చూడాలి. ఎక్కువసార్లు మార్చవలసి వచ్చేది కర్రనే.